ఆటో ఫోర్‌వీల్ డ్రైవ్ పనిచేయట్లేదా? ముందు సెన్సార్ చూడండి

లంబసింగి దగ్గర మట్టిరోడ్డు ఎక్కుతుంటే నా ఎస్‌యూవీ ముందు చక్రాలు గిర్రున తిరిగాయి, వెనకవి మాత్రం కదల్లేదు. కార్లో అమ్మానాన్న ఉన్నారు. భయంభయంగా రివర్స్‌లో కిందికి దిగాం. అప్పటికే ఏబీఎస్ లైట్ వెలుగుతోంది. వర్క్‌షాప్‌లో చూడగానే "కప్లింగ్ పోయింది, 70 వేలవుద్ది" అన్నారు.

నాకు డౌటొచ్చింది. చక్రం జారుతోందని ఈ సిస్టమ్‌కి చెప్పేది ఏబీఎస్ స్పీడ్ సెన్సార్లే. ఒక్క సిగ్నల్ తేడా వచ్చినా చాలా కార్లలో ఫోర్‌వీల్ డ్రైవ్ ఆగిపోతుంది.

బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టి ఫోన్‌లో చూశా: సీ0050. అంటే వెనక కుడి చక్రం సెన్సార్. కనెక్టర్ నిండా బురద! క్లీన్ చేసి, కోడ్ క్లియర్ చేశా. సెట్ అయిపోయింది.

ఒక్క మాట: చాలా ఫ్రీ యాప్స్ ఇంజిన్ కోడ్సే చూపిస్తాయి. మీ కారు ఏబీఎస్ కోడ్స్ చదివే యాప్ తీసుకోండి. ఆ తర్వాతే పర్సు తీయండి.