తాలింఖానాలో రెండవ మెట్టు: బస్కీల పరిమాణమును సవరించుకొను విధానము

చంద్రపూర్, బల్లార్‌పూర్ ప్రాంతములలో బొగ్గుగనులను, కాగితపు మిల్లును, రైలుమార్గమును ఆశ్రయించి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము గలవు. ఆ యిండ్ల యువకులు ఇంట తెలుగును, వీధిలో మరాఠీని మాటలాడుదురు; వ్యాయామశాలలో ఆ రెండు భాషలును చేయి కలుపుకొనును. మరాఠీవారి 'తాలీమ్' తెలుగునాట 'తాలింఖానా' యైనది. వారి 'జోర్, బైఠక్'లే వీరి 'దండీలు, బస్కీలు'. బడిలో గుంజీళ్ళ రూపమున శిక్షగా పరిచయమైన ఈ కూర్చుండి లేచు క్రియయే, భుజములపై బార్‌బెల్ నుంచుకొని చేసినపుడు, నేటి జిమ్ములలో 'స్క్వాట్' అనబడుచున్నది. తొడలకును నడుమునకును బలము చేకూర్చుటలో దీనికి సాటివచ్చు వ్యాయామములు అరుదు. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 110, 130 కిలోల బరువుల నెత్తి కాంస్యపతకము గెలిచిన కరణం మల్లీశ్వరి వంటివారి విద్యకును, బరువుతో గొంతుక్కూర్చున్న స్థితినుండి పైకి లేవగల కాళ్ళే ఆధారము.

క్రొత్తగా ఆరంభించినవాని కొక అదృష్టమున్నది. వారమునకు మూడు దినములు, దినమునకు అయిదేసి బస్కీల చొప్పున మూడు విడతలు చేయుచు, ప్రతి పర్యాయము కొద్ది కొద్దిగా బరువు చేర్చుకొనుచు పోయినను, కొన్ని మాసములవరకు శరీరము అభ్యంతరము చెప్పదు. నాడులు కండరములను వాడుకొను నేర్పును మొదట అలవరచుకొనును. పిదప కండరము పెరుగును. సోమవారపు శ్రమనుండి బుధవారమునకే దేహము తేరుకొనును.

ఈ సుఖప్రయాణము శాశ్వతము కాదు. ఒకనాడు బరువు లేవదు, మరునాడును లేవదు. అప్పుడు యువకులలో కొందరు నిరాశచే మానివేయుదురు. మరికొందరు ప్రతిదినము విడతలను రెట్టించి మోకాళ్ళను, నడుమును నొప్పించుకొందురు. పోలీసు ఉద్యోగపు పరుగుపందెమునకో, సైన్యపు ఎంపికకో సిద్ధపడుచున్నవానికి ఈ రెండును నష్టదాయకములే. మోకాలు నొచ్చినవాడు ఆ యేటి ఎంపికనే పోగొట్టుకొనవచ్చును.

మొదట చూడవలసినది నిజముగా తొలి మెట్టు దాటెనా యను విషయము. నిద్ర చాలనివానికి, పప్పును పాలును తగినంత కుడువనివానికి, ఒక్కసారిగా అయిదేసి కిలోలు చేర్చువానికి కూడ బరువు లేవదు. ఆ లోపములను సరిదిద్ది, పదవవంతు బరువు తగ్గించి మరల పైకి వచ్చినను, రెండుమూడు పర్యాయములు అచ్చటనే ఆగిపోయినచో అపుడు పద్ధతి మార్చవలెను.

మార్పు యొక్క సారమిది: శ్రమను దినదినమును సమముగా పంచుట మాని, వారములో ఎక్కువ తక్కువలుగా పంచవలెను. బలము పెరిగినకొలది శరీరమును కదలించుటకు ఒకనాటి శ్రమ హెచ్చుగా కావలెను. అట్టి శ్రమనుండి తేరుకొనుటకు రెండు దినములు చాలవు.

ఒక ఉదాహరణము. ఒక యువకుడు 80 కిలోలతో ఆగిపోయెననుకొందము. దినమునకు 15 బస్కీలు, వారమునకు 45. ఎత్తిన మొత్తము దినమునకు 1,200 కిలోలు, వారమునకు 3,600 కిలోలు. క్రొత్త పద్ధతిలో సోమవారము 75 కిలోలతో అయిదేసి చొప్పున అయిదు విడతలు చేయును. బుధవారము 60 కిలోలతో రెండే విడతలు. శుక్రవారము 82.5 కిలోలతో ఒకే విడత. ఇప్పుడు వారమునకు బస్కీలు 40, మొత్తము సుమారు 2,890 కిలోలు. వారపు లెక్క తగ్గినది. కాని సోమవారపు లెక్క 1,200 నుండి 1,875కు పెరిగినది. సోమవారము శ్రమ, బుధవారము విశ్రాంతితో కూడిన అభ్యాసము, శుక్రవారము పరీక్ష. ఇకమీదట బరువు చేరునది దినదినము గాక వారమున కొకమారు. ఇదియు ఆగిపోయినపుడు ఒక్క దినమున ఒక్క విడత మాత్రము చేర్చి, మూడు వారములు గమనింపవలెను. బరువును, విడతలను ఒకేసారి పెంచినచో ఏది మేలు చేసెనో, ఏది కీడు చేసెనో తెలియదు. నాలుగైదు వారముల కొకమారు విడతలను సగమునకు తగ్గించుటయు మంచిది.

మితమును గూర్చిన ఈ విచారము క్రొత్తది కాదు. వ్యాయామమును తన బలములో సగమునకు మించి చేయరాదని సుశ్రుతుడు చెప్పెను. 12వ శతాబ్దమున కల్యాణ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసము, వయస్సును, దేహమును, బలమును బట్టి మల్లులను వర్గములుగా విభజించెను. అందరికి ఒకే కొలత పనికిరాదని ఆనాటివారికిని తెలియును. 1945లో అమెరికా సైనికవైద్యుడు థామస్ డిలోర్మ్, గాయపడిన సైనికుల కాళ్ళకు బలము తెచ్చుటకై పదేసి చొప్పున ఏడు మొదలు పది విడతల వరకు బరువు లెత్తించెను. 1948 నాటికి వాట్కిన్స్ అను సహచరునితో కూడి, మూడు విడతలే చాలునని దానిని సవరించెను. ఎక్కువ చేయించినవాడే తగ్గించినాడన్నమాట.

గామా పహిల్వాను దినమునకు 5,000 బస్కీలు తీసెడివాడని ప్రతీతి. ఆ సంఖ్యను విని ఒక్కసారిగా వందలకొలది తీయబోవుట ప్రమాదము. గామా బాల్యమునుండి ఏండ్లతరబడి సాధన చేసినవాడు. అలవాటు లేనివాడు అట్లు చేసినచో కండరములు చెడి, ఆ ద్రవ్యము రక్తములో కలిసి, మూత్రము టీ డికాక్షను రంగునకు మారును. మూత్రపిండములకే ముప్పు వాటిల్లును. అట్టి చిహ్నము కనిపించినచో తత్‌క్షణమే వైద్యుని చూడవలెను.

చంద్రపూర్ వాసులు గమనింపవలసినవి మరి రెండు గలవు. మొదటిది గనిపని. ఎనిమిది గంటలు శ్రమించి వచ్చినవాని కాళ్ళు అప్పటికే కొంత లెక్క చెల్లించినవి. రాత్రి షిఫ్టు వారమున సోమవారపు అయిదు విడతలను మూడింటికి తగ్గించుకొనిన తప్పులేదు. రెండవది ఎండ. మే మాసమున ఇచ్చట ఉష్ణోగ్రత 46 డిగ్రీలను దాటుట వింత కాదు. ఆ కాలమున తెల్లవారకమునుపే సాధన ముగించి, విడతలు తగ్గించి, నీరు హెచ్చుగా త్రాగవలెను. వేసవిలో నిలుపుకొనిన బలమును వానకాలమున పెంచుకొనవచ్చును.

వీని కన్నిటికి కావలసిన సాధనము ఒక చిన్న నోటుపుస్తకము. తేది, బరువు, విడతలు, నిద్ర, నొప్పి: ఈ అయిదింటిని వ్రాసికొనినచో, పెంచవలసినదెప్పుడో, తగ్గించవలసినదెప్పుడో ఆ పుటలే చెప్పును. తొలి మెట్టున బరువు నెత్తుట నేర్చినవాడు రెండవ మెట్టున లెక్క నేర్చుకొనవలెను.