ఎర్ర దారా... పచ్చ దారా?

శంషాబాద్‌లో విమానం దిగి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, తాళ్లతో బిగించిన అట్టపెట్టె బెల్టు మీద ఎప్పుడొస్తుందా అని చూసే మనిషికి అప్పటికే సగం ప్రాణం బాల్కొండ చేరి ఉంటుంది. బయట ఊరి నుంచి బండి కట్టుకుని వచ్చిన ఆలుబిడ్డలు. మధ్యలో రెండు దారులు... ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. రెండేళ్ల కష్టార్జితం సంచిలో ఉన్నవారి గుండె దడదడలాడేది ఆ నాలుగడుగుల్లోనే!

బాల్కొండ, ఆర్మూర్ పల్లెల్లో పసుపు వేయని ఇల్లు ఉంటుందేమో గానీ, గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ కనిపించడం కష్టం. తొలితరం వాళ్లకు దారి బొంబాయే. అక్కడి నుంచి కరాచీ మీదుగా గల్ఫ్ రేవులకు ‘ద్వారక’ అనే ప్రయాణికుల ఓడ 1982 వరకూ తిరిగింది. ఆ తర్వాత కాలమంతా విమానాలదే. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక దూరం తగ్గింది. కస్టమ్స్ అంటే భయం మాత్రం తగ్గలేదు.

ఆ భయంలో సగం బంగారం గురించే. బిడ్డ పెళ్లికి రెండు తులాలైనా తేవాలన్నది ప్రతి తండ్రి ఆశ. ఏడాదికి పైగా విదేశంలో ఉన్న మగవాళ్లు 20 గ్రాములు, ఆడవాళ్లు 40 గ్రాముల నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని 2016 నిబంధనలు చెప్పాయి. అయితే దానికో మెలిక... విలువ మగవాళ్లకు 50 వేలు, ఆడవాళ్లకు లక్ష దాటకూడదు. అప్పట్లో అది పెద్ద ఇబ్బంది కాలేదు. 2025లో తులం లక్ష దాటేసరికి ఆ 50 వేలకు అరతులమూ రాలేదు! కాగితం మీద రెండు తులాలు, చేతిలో ఒక ఉంగరం. చట్టం తెలిసినవాళ్లు కూడా చిక్కుల్లో పడ్డది ఇక్కడే. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనలు ఆ విలువ పరిమితిని తీసేసి, బరువునే కొలమానంగా ఉంచాయి. ఇతర సామాన్ల ఉచిత పరిమితి కూడా 50 వేల నుంచి 75 వేలకు పెరిగింది. ఒకటి మాత్రం మరిచిపోవద్దు... ఈ సడలింపు నగలకే. బిస్కెట్లు, నాణేలు ఇందులోకి రావు. భార్యాభర్తలు కలిసి వచ్చినా ఒకరి పరిమితి ఇంకొకరికి కలపడం కుదరదు.

సెంటు సీసాలు, దుప్పట్లు, ఖర్జూరాలతో ఎవరికీ పేచీ లేదు. పెద్ద టీవీ సంగతి వేరు. 2013 ఆగస్టు నుంచి దానికి ఉచితం లేదు. సుంకం కట్టి మోసుకొచ్చే బదులు ఆర్మూర్‌లో కొనుక్కోవడమే నయం.

అసలు ముప్పు పక్క గదివాడి పొట్లంతో. ‘‘అన్నా, గిది మా ఇంట్ల ఇయ్యరాదే’’ అంటే కాదనలేం. కానీ లోపల ఏముందో విప్పి చూడకుండా తీసుకుంటే జవాబు చెప్పాల్సింది మోసినవాళ్లే. ‘నాది కాదు సార్’ అన్న మాట అక్కడ చెల్లదు. మొహమాటపడి ఒప్పుకునేకన్నా ముందే ‘వద్దు తమ్మీ’ అనడం మంచిది.

పరిమితికి మించి ఉందా? ఎర్ర దారిలో వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. లెక్క కట్టి సుంకం తీసుకుని రసీదు ఇస్తారు. కట్టే డబ్బు లేకపోతే, నిజం చెప్పినవారి వస్తువును అక్కడే ఉంచి, మళ్లీ విదేశం వెళ్లేటప్పుడు తిరిగి తీసుకునే వీలు 1962 కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్‌లో ఉంది. పచ్చ దారిలో దొరికితే వస్తువు జప్తు, జరిమానా, ఒక్కోసారి కేసు కూడా.

ఇక నగల షాపు బిల్లు... చాలామంది దాన్ని భద్రంగా అట్టపెట్టె అడుగున దాస్తారు. అధికారి అడిగినప్పుడు తాళ్లు కోసి, దుప్పట్లన్నీ బయటికి తీసి వెతుకుతుంటే వెనకవాళ్లు గొణుగుతారు. అది ఉండాల్సింది చొక్కా జేబులో, పాస్‌పోర్టు పక్కన.