గురక, బరువు, బీమా: ఆపరేషన్ కోరేవారు తెలుసుకోవలసిన సంగతులు



అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలోని ఐతుకు అనే యౌవనస్థుడు మనకందరికీ తెలుసు. పౌలు ప్రసంగం వింటూ కిటికీలో నిద్రపోయి, మూడవ అంతస్తు నుండి పడినవాడు. ఆదివారం ఆరాధనలో ఎవరైనా కునికితే ఆ పేరు పెట్టి నవ్వుకుంటాం. కాని అలా కునికేవారిలో కొందరు సోమరులు కారు, రోగులు. రాత్రంతా మంచం మీద ఉన్నా వారికి నిద్ర ఉండదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే ఈ జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు.

ఇది ఎలా వస్తుంది?

నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. మెడలో, నాలుకలో కొవ్వు పెరిగినవారికి గాలి వెళ్ళే దారి మూసుకుపోతుంది. పెద్దగా వస్తున్న గురక ఒక్కసారిగా ఆగుతుంది. కొన్ని సెకన్ల తరువాత ఉక్కిరిబిక్కిరై మళ్ళీ ఊపిరి అందుకుంటారు. ఇలా రాత్రికి ఎన్నిసార్లు జరిగినా రోగికి తెలియదు, పక్కన పడుకున్నవారికే తెలుస్తుంది. ఉదయం తలనొప్పి, పగలంతా మగత, మందులు వాడినా దిగని రక్తపోటు దీని గుర్తులు. గుండె జబ్బుకు, పక్షవాతానికి కూడా ఇది దారి తీస్తుంది. కొల్లేరు చేపల లోడుతో రాత్రిళ్ళు హైవే మీద లారీ నడిపే మన సోదరులకైతే ఒక్క క్షణం కునుకు చాలు, ప్రాణాలు పోవడానికి.

పరీక్ష, వైద్యం

రాత్రి నిద్రలో చేసే స్లీప్ స్టడీ పరీక్షతో దీన్ని నిర్ధారిస్తారు. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగినవి, బాగా తగ్గినవి గంటకు ఎన్నో లెక్కిస్తారు. ఆ అంకెను ఏహెచ్ఐ అంటారు. 5 నుండి 15 లోపు స్వల్పం, 15 నుండి 30 లోపు మధ్యస్థం, 30 లేక అంతకు మించితే తీవ్రం.

ముఖ్యమైన వైద్యం సీప్యాప్ యంత్రం. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివన్ దీన్ని పరిచయం చేశారు. ముక్కుకు పెట్టిన మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో గొంతు దారి తెరిచి ఉంచుతుంది. బరువు తగ్గడమూ వైద్యమే. బరువులో పదో వంతు తగ్గితే ఏహెచ్ఐ సుమారు నాలుగో వంతు తగ్గుతుందని 2000లో వెలువడిన అమెరికా పరిశోధన తెలిపింది. ఆహారం, నడకతో తగ్గని భారీకాయులకు డాక్టర్లు కడుపు చిన్నది చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ సలహా ఇస్తారు.

బీమా ఎప్పుడు ఒప్పుకుంటుంది?

ఇక్కడే చాలా కుటుంబాలు తికమకపడుతున్నాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన షరతులే నేటికీ చాలా ఆరోగ్య పాలసీలలో ఉన్నాయి. మీ పాలసీ పుస్తకంలో మినహాయింపుల కింద 6వ కోడ్ "ఊబకాయం, బరువు నియంత్రణ" చూడండి. ఆపరేషన్ డాక్టరు సలహాపై, వైద్య ప్రమాణాల ప్రకారం జరగాలి. రోగికి 18 ఏళ్ళు నిండాలి. బిఎంఐ 40 లేక అంతకు మించి ఉండాలి. లేదా 35 లేక అంతకు మించి ఉండి, ఆహార నియమాల వంటి తేలిక మార్గాలు ఫలించక, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులేని టైప్ 2 షుగరు, గుండె రక్తనాళాల జబ్బు, ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండర జబ్బు, వీటిలో ఒకటైనా ఉండాలి.

"తీవ్రమైన" అన్న మాట గమనించండి. చీటీ మీద "గురక" అని రాసి పంపితే చాలదు. ఏహెచ్ఐ అంకె ఉన్న స్లీప్ స్టడీ రిపోర్టు జతచేయాలి.

ఎత్తు, బరువు కూడా సరిగా కొలిపించుకోండి. 90 కిలోల మనిషి ఎత్తు 160 సెంటీమీటర్లయితే బిఎంఐ 35.2. చెప్పులతో నిలబెట్టి 162 అని రాస్తే అది 34.3 అవుతుంది. ఆ రెండు సెంటీమీటర్ల తప్పుకే దరఖాస్తు వెనక్కి రావచ్చు. అలాగని అంకె కోసం తిని బరువు పెంచుకోకండి. ఒంట్లో చేరే ప్రతి కిలో గొంతునే నొక్కుతుంది.

దాచవలసిన కాగితాలు: డాక్టరు సలహా పత్రం, స్లీప్ స్టడీ రిపోర్టు, ఆహార నియమాల చీటీలు, తేదీలతో బరువు నమోదులు, షుగరు, బీపీ, గుండె పరీక్షలు. పాలసీ తీసుకునేటప్పుడు ఉన్న జబ్బును దాచవద్దు, అబద్ధం తరువాత బయటపడితే క్లెయిము పోతుంది. పాలసీకి ముందే ఉన్న జబ్బుల కొరకు వేచి ఉండే కాలం 2024 ఏప్రిల్ నుండి 36 నెలలకు మించకూడదు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు గలవారు నెట్‌వర్క్ ఆసుపత్రిలోని వైద్యమిత్రను ముందుగా అడగండి.

కాదంటే ఏం చేయాలి?

కారణం రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు ఒక్క కాగితం లోపమే కారణం. అది సరిచేసి తిరిగి పంపండి. అప్పటికీ కాదంటే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి ఏడాదిలోగా వెళ్ళవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

ఆ ఉత్తరం కోసం ఆగవద్దు

మేము అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచినది ఇది. ఒక డ్రైవరు సోదరుడు "బీమా వచ్చాక ఆపరేషన్, అంతవరకు యంత్రం ఎందుకు సిస్టర్?" అన్నాడు. ఆయన భార్య మాత్రం ప్రతి రాత్రి కూర్చుని ఆయన ఊపిరి లెక్కపెడుతోంది. కంపెనీ నిర్ణయానికి తేదీ ఉంటుంది, ఊపిరికి తేదీ లేదు. యంత్రం ఈ రాత్రే మొదలు కావాలని ఆయనకు నచ్చజెప్పాం. డబ్బు చాలనివారు అద్దెకు దొరుకుతుందేమో విచారించండి. పక్కకు తిరిగి పడుకోండి. మద్యం, డాక్టరు చెప్పని నిద్రమాత్రలు మానండి. మగతగా ఉంటే స్టీరింగ్ పట్టవద్దు. ఆపరేషనుకు వెళ్ళినప్పుడు సీప్యాప్ వెంట తీసుకువెళ్ళి, మత్తు డాక్టరుకు జబ్బు సంగతి చెప్పండి. బరువు తగ్గాక కూడా తిరిగి పరీక్ష చేయించుకోనిదే యంత్రం మానకండి.

మీ ఇంట్లో ఎవరి గురక అయినా మధ్యలో ఆగుతుంటే నవ్వి ఊరుకోక, ఓపీకి వెంటబెట్టుకుని రండి. రాత్రి చూసింది మీరే గనుక డాక్టరుకు చెప్పవలసిందీ మీరే. ప్రభువు మీ ఇంటిల్లిపాదికీ సుఖనిద్ర దయచేయునుగాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్