దినమున కొక ఛాయాచిత్రము



నేఁడు నేను ప్రసంగింపఁబోవు విషయము విని మన వయసువారు మొదట నవ్వవచ్చును. అది దినమున కొకటి చొప్పున ఒక సంవత్సరకాలము ఛాయాచిత్రములు తీయుట. పట్టణములలోని యువజనులు దీని నొక పందెముగా నాడుచున్నారు. నెలకు ముప్పది మాటల పట్టిక యొకటి ముందుగా వ్రాసికొందురు. ఒకనాఁటి మాట ‘నీడ’, మఱునాఁటిది ‘తలుపు’. ఆయా దినమున ఆయా మాటకుఁ దగిన బొమ్మను సెల్‌ఫోనుతోఁ దీయవలెను. ఇంటిపనియు, పొలముపనియు, చదువును మానరాదు. వాని నడుమనే యీ పని జరుగవలెను.

ముప్పది నాలుగేండ్లు బడిపిల్లలకు వ్యాకరణము చెప్పి విశ్రమించిన నాకు దీనిని అంటగట్టినది నా మనుమరాలు. “తాతయ్యా, ఇది మీ దత్తపది వంటిదే, పదములు నేనిచ్చెదను, పూరణము మీరు చేయుఁడు” అనెను. ఆ యుపమానమునకు నేను లొంగిపోతిని. అవధానసభలో పృచ్ఛకుఁడు నాలుగు పదములిచ్చి వానితో నొక పద్యము చెప్పుమని కోరును. పదములు పరునివి, పద్యము అవధానిది. ఇందును అట్లే, మాట మనుమరాలిది, చూపు నాది. ఉగాదినాఁడు ప్రారంభించితిని.

ఛాయాచిత్రమను పేరు చక్కఁగాఁ గుదిరినది. అమరసింహుఁడు ఛాయాశబ్దమునకు సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబము, ఎండలేనిచోటు అను నాలుగర్థములను చెప్పెను. మొదటిదానిని విడిచినచో తక్కిన మూఁడును కూడినదే ఫొటో. అది యెట్లేర్పడునో మన పెంకుటిండ్లలోనే చూడవచ్చును. మధ్యాహ్నవేళ పెంకుల సందులనుండి నేలపై ఎండబిళ్లలు పడును గదా. సన్నని సందు ఏ యాకారమున నున్నను బిళ్ల గుండ్రముగానే యుండును; ఏలయన అది సూర్యుని ప్రతిబింబము. పాక్షిక సూర్యగ్రహణ కాలమున ఆ బిళ్లలన్నియు నెలవంకలగును. అట్లే చీఁకటిగది తలుపునకు చిన్న రంధ్రమున్నచో, ఎండకాయు వీధి యెదుటి గోడపై తలక్రిందుగాఁ గనఁబడును. లాటిను భాషలో ‘కెమెరా’ యనఁగా గదియే. రంధ్రమున నొక కటకమును, గోడకు మాఱుగా వెలుఁగును గ్రహించు పలకను అమర్చిన యా చీఁకటిగదియే కెమెరా.

ఆ నీడను నిలుపుటయే కష్టమైనది. ఫ్రాన్సుదేశీయుఁడగు నియెప్సు 1820 తరువాతి దశాబ్దమున తన కిటికీనుండి కనఁబడు ఇంటికప్పులను పలకపై నిలుపుటకు గంటలకొలఁది కాలము పట్టెను. 1839లో డాగెరు కనిపెట్టిన పద్ధతి లోకమునకు వెల్లడియయ్యెను. మన హైదరాబాదులో ఆఱవ నిజాము కొలువున ప్రసిద్ధి కెక్కిన రాజా దీన్‌దయాళు (1844–1905) కాలమున గాజుపలకలును, పెట్టెలును మోయింపవలసి యుండెను. ఆ పరికరమంతయు నేఁడు జేబులో నిమిడినది.

ఈ దినసరి నియమమును తుదిదాఁక పాటించినవానిలో అమెరికా దేశపు జేమీ లివింగ్‌స్టను చెప్పఁదగినవాఁడు. 1979 మార్చి 31వ తేదీన, విద్యార్థిగా నున్నపుడు, పోలరాయిడు కెమెరాతో ఈ పని కారంభించెను. మీట నొక్కినంతనే బొమ్మ కాగితము బయటికి వచ్చు యంత్ర మది. దినమున కొక్కటియే బొమ్మ. 1997 అక్టోబరు 25న, తన నలుబదియొకటవ జన్మదినముననే, కర్కటరోగముతో మరణించువఱకు దీనిని నడపెను. ఆఱువేలకు మించిన ఆ బొమ్మలలో మిత్రులు, భోజనపుబల్లలు, వీధులు, చివర ఆసుపత్రి పడక కలవు. లోకోత్తర దృశ్యములు అరుదు. ఒక మనుష్యుని యాయుర్దాయము మాత్ర మందు దినక్రమమున నున్నది.

నేను మొదటి పదిదినములు గోపురమును, చెఱువుగట్టుపై సూర్యాస్తమయమును తీసితిని. పిమ్మట తీయఁదగినవేవియు లేవని తోఁచెను. ఆషాఢమున ‘వాన’ యను మాట వచ్చినది. అరుగుపైఁ గూర్చుండి చూడఁగా, చూరునీళ్లు నేలపై గుంటల వరుసను గీచినట్లు తీర్చుచుండెను. వర్షవర్ణనములు ముప్పది నాలుగేండ్లు బోధించితిని. ఆ వరుస నొక్కనాఁడును చూచి యెఱుఁగను. ఆ దినము మొదలు చదువు నాకు మాఱినది. మధ్యాహ్నమున చదివిన వర్ణనము నిజమో కాదో సాయంకాలము చెఱువునొద్దకు పోయి చూచుకొనువాఁడను. చూచినపిమ్మట మఱల పుస్తకము తెఱచినచో, మునుపు దాఁటిపోయిన విశేషణ మొకటి యర్థమగుచుండెను.

ఇందు తప్పులును చేసితిని. శ్రావణమున నాట్లువేయుచున్న యొక స్త్రీని అడుగకయే తీసితిని. ఆమె నడుము నెత్తి, “ముందుగా నడుగవలదా, పంతులుగారూ? బురదలో నున్నదాన నని లెక్కలేదా?” యనెను. క్షమింపుమని కోరి, ఆ బొమ్మను ఆమె యెదుటనే తుడిచివేసితిని. అంతకుమున్ను వైశాఖారంభమున ఫోను పంటకాలువలోఁ బడి, చైత్రమాసపు బొమ్మలన్నియు నశించెను. అప్పటినుండి వారమున కొకసారి పట్టణమునకు పంపి, వానిని కాగితముపై నెత్తించుచున్నాను.

ఇఁక అసలు సంగతి. మా పొరుగింటి రైతు, నా బాల్యమిత్రుఁడు, నలుబదియేండ్లుగా భోజనానంతరమున మా యరుగునకు వచ్చెడివారు. ఒకనాఁడు నేను చదువుట, ఆయన వినుట; మఱునాఁడు ఆయన చదువుట, నేను వినుట. పురాణమో, పాత మాసపత్రికయో, ఏదియైనను సరియే. గడచిన యేఁటి భాద్రపదమున ఆయన నిద్రలోనే కాలధర్మము నొందిరి. పటము కట్టించుటకై కుమారులు నాయొద్దకు వచ్చి, “మాస్టారూ, నాన్నగారి ఫొటో మీయొద్ద తప్పక యుండును గదా” అనిరి. నూటయిరువదికి మించిన బొమ్మలున్నవి. మా పెరటి జామచెట్టే నాలుగు విధముల నున్నది. ఆయన ముఖ మొక్కటియు లేదు. రేపును వచ్చువారే గదా యని యెన్నఁడును తీయనైతిని.

వెదకఁగా వెదకఁగా, ‘చేతులు’ అను మాట వచ్చిననాఁటి బొమ్మ కనఁబడెను. తెఱచిన పుస్తకము, దాని నడుమ ఆయన బొటనవ్రేలు, దానిపై కొడవలి తెగిన పాతమచ్చ. ఆధార్ కార్డులోని ముఖమును పెద్దదిగాఁ జేయించి కుమారులు గోడకుఁ గట్టిరి. ఆయన ధర్మపత్ని మాత్రము ఆ చేతుల బొమ్మను అడిగి తీసికొని తన పెట్టెలో దాఁచుకొనిరి.

కావున ఈ పని చేయఁదలఁచువారికి నాకుఁ దెలిసినంత చెప్పుదును. దినమున కొక్క బొమ్మనే నిలుపుఁడు, తక్కినవానిని తుడిచివేయుఁడు. ఉదయపు నీరెండయు, సాయంకాలపు టెండయు మేలు. నడిమింటి యెండలో ముఖములపై నల్లని నీడలు పడును. ఇంటిలోనైనచో మనుష్యుని వాకిటివెలుఁగున కెదురుగాఁ గూర్చుండఁబెట్టుఁడు. పరులను అడిగియే తీయుఁడు. కాగితముపై నెత్తించి, వెనుక తిథియు, తేదియు, ఒక వాక్యమును వ్రాయుఁడు. ఏనాఁడైనను తప్పినచో మఱునాఁటి బొమ్మతో ఆ లోటు పూడ్చకుఁడు. ఆ దినమును ఖాళీగా నుంచుట సత్యము.

ఫోను వాడుక తెలియనివారికి మనుమలు నేర్పుదురు. ఒక పూట చాలును. మొదటి బొమ్మకు గోపురమును వెదకవలదు. ప్రతిదినము మీ యెదుటనే యుండుటచేత మీరు చూడ మానిన మనుష్యు లొకరు మీ యింటనో, అరుగుపైననో యుందురు. రేపటి బొమ్మ వారిది కానిండు, ముఖమును తీయుఁడు.