డిస్కు వ్రాయని యంత్రము: తప్పు ఎక్కడ?

హబ్సిగూడలో, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు సమీపమున నున్న ఒక వీథిలో, మాకు పరిచితులైన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని గృహము కలదు. గతించిన వారి తల్లిగారు పాడిన మంగళహారతులు, పెండ్లిపాటలు గల కాసెట్టు ఒకటి ఆ యింట నున్నది. కాసెట్టు పాతబడినది, త్రిప్పినప్పుడెల్ల టేపు మీది పూత పొడిగా రాలుచున్నది. అందుచే ఒక్కమారు మాత్రము జాగ్రత్తగా త్రిప్పి ఆ పాటలను కంప్యూటరులోనికి ఎక్కించిరి. ఇక వానిని సీడీలమీద వ్రాసి తోబుట్టువులకు పంచిపెట్టవలెను. పని అక్కడ ఆగిపోయినది.

ఆ యింటి కంప్యూటరు లినక్స్ మీద నడచును. వేరొక నగరమున ఉద్యోగము చేయుచున్న కుమారుడు ఇంటర్నెట్టు ద్వారా, తన పేర తరువాత తెరచిన ఖాతాతో, దానిలో ప్రవేశించి సీడీ వ్రాయుటకు ఆజ్ఞ నిచ్చెను. 'పర్మిషన్ డినైడ్' అని, అనగా అనుమతి లేదని, సమాధానము వచ్చెను. పలుమారులు యత్నించి విసిగి, "నాన్నగారూ, డ్రైవు పోయినట్లుంది, కొత్తది కొనండి" అని ఫోనులో చెప్పెను. అప్పటికే తండ్రిగారు నాలుగు ఖాళీ సీడీలు చెడినవనుకొని చెత్తబుట్టలో వేసియుండిరి.

డ్రైవు చెడలేదు, ఆ సీడీలును చెడలేదు. డిస్కు వ్రాయునప్పుడు కలుగు తప్పులు సాధారణముగా మూడు చోట్ల పుట్టును. ఒకటి వాకిట, రెండవది లోపలి గదిలో, మూడవది డిస్కుమీద. తప్పు ఏ చోటిదో యెరుగక చేసిన మరమ్మతు డబ్బు దండుగ.

మొదట వాకిలి సంగతి చూతము. లినక్స్‌లో దాదాపు ప్రతి పరికరమును ఒక ఫైలువలె కనబడును. సీడీ డ్రైవు పేరు సామాన్యముగా 'స్లాష్ డెవ్ స్లాష్ ఎస్ ఆర్ సున్న'. టెర్మినలులో 'ఎల్ఎస్ మైనస్ ఎల్' అని వ్రాసి, కొంత ఎడమిచ్చి ఈ పేరు చేర్చినచో, ఆ డ్రైవుకు యజమాని ఎవరో, ఏ బృందమునకు అనుమతి గలదో ఒక్క పంక్తిలో తెలియును. యజమాని 'రూట్', అనగా యంత్రమునకంతకును సర్వాధికారి. బృందము డెబియన్, ఉబుంటు కూర్పులలో 'సీడీరామ్'. ఆర్చ్ కూర్పులో 'ఆప్టికల్'. బృందములో చేరినవారు డ్రైవును చదువవచ్చును, వ్రాయవచ్చును. చేరనివారు వాకిటనే నిలువవలెను.

ఆ పంక్తిలో అనుమతులను సూచించు అక్షరముల చివర నొక ప్లస్ గుర్తు కనబడుట కలదు. యంత్రము నెదుట కూర్చుండి పనిచేయువానికి తాత్కాలికముగా ప్రత్యేకానుమతి యీయబడినదని సామాన్యముగా దాని భావము. దూరమునుండి ప్రవేశించినవానికి ఈ అనుమతి లేదు. కుమారుని చిక్కు ఇదియే. అతడు యంత్రము నెదుట లేడు. అతని ఖాతా సీడీరామ్ బృందములోను లేదు. తండ్రిగారి ఖాతా మొదటినుండియు బృందములో నున్నది. అదే ఆజ్ఞ ఆయన స్వహస్తముతో వ్రాసినచో వాకిలి తెరచుకొనును.

దూరమునుండియే పని జరుగవలెనన్నచో ఆ ఖాతాను బృందములో చేర్చవలెను. అందులకు 'సుడో యూజర్‌మాడ్ మైనస్ ఏజీ' అని, పిమ్మట బృందము పేరు, ఖాతా పేరు వ్రాయవలెను. ఇందలి చిన్న 'ఏ' అక్షరమును మరువరాదు. మరచినచో ఆ ఖాతా తక్కిన అదనపు బృందము లన్నిటినుండి తొలగిపోవును. చేర్చిన పిమ్మట ఒకమారు లాగౌట్ అయి మరల ప్రవేశించిననే గాని మార్పు అమలునకు రాదు. ఈ యొక్క సంగతి తెలియక, చేర్చినను ఫలితము లేదని చింతించువారు పలువురు.

ఇంత శ్రమ యేల, సర్వాధికారియై వ్రాయరాదా యని కొందరు అందురు. వ్రాయవచ్చును గాని అది సొరుగు తాళము తీయుటకు ఇంటి తాళముల గుత్తి యంతయు అప్పగించుట వంటిది. రూట్‌గా నడపిన ప్రోగ్రాము సృష్టించిన ఫైళ్ళు రూట్ సొత్తగును. మరునాడు మన ఖాతాతో వానిని మార్చుట కుదరదు. పొరపాటున వ్రాసిన యొక్క ఆజ్ఞ ఇంటిలోని ఫైళ్ళనెల్ల తుడిచివేసినను అడ్డు చెప్పువారుండరు. ఈ యలవాటు కొంతవరకు 2004 నాటిది. ఆ ఆగస్టులో వెలువడిన లినక్స్ కెర్నెల్ 2.6.8, సామాన్య ఖాతాలు డ్రైవునకు పంపు ఆదేశములపై వడపోత విధించెను. అంతకుమున్ను డ్రైవును చదువుటకు మాత్రమే అనుమతి గలవాడు సైతము, దాని అంతర్గత ప్రోగ్రామును చెరపగల ఆదేశములు పంపగలిగెడివాడు. వడపోత వచ్చినంతనే సామాన్య ఖాతాలతో సీడీలు వ్రాయుట ఆగిపోయెను. పలువురు రూట్‌ను ఆశ్రయించిరి. తరువాతి కూర్పులలో ఆ వడపోత సవరింపబడినది గాని ఆనాటి సలహా నేటికిని నోటనోట తిరుగుచున్నది.

ఇక లోపలి గది. తండ్రిగారు ఆజ్ఞ వ్రాయగా ఈమారు 'డివైస్ బిజీ' యని వచ్చెను. అనగా అనుమతి కలదు. కాని డ్రైవు వేరొకరి చేతిలో నున్నది. 'ఫ్యూజర్ మైనస్ వి' అను ఆజ్ఞను డ్రైవు పేరుతో ఇచ్చినచో ఎవరి చేతిలో నున్నదో తెలియును. ఉదయము తెరచి మరచిన కే3బీ ప్రోగ్రాము దానిని పట్టుకొనియున్నది. దానిని మూయగానే డ్రైవు ఖాళీ అయ్యెను. ఒక్కొక్కప్పుడు లోనున్న డిస్కును డెస్క్‌టాప్ తానే మౌంట్ చేసి యుండును. అప్పుడు అన్‌మౌంట్ చేసిన చాలును.

మూడవది డిస్కు మీది తప్పు. మొదటి రెండింటిలో లేజరు వెలుగకమునుపే పని ఆగును గనుక సీడీకి హాని లేదు. బుట్టనుండి తీసిన నాలుగింటిలో మూడు చక్కగా వ్రాయబడినవి. బుట్టలో గీతలు పడిన నాలుగవది మాత్రము నడుమ 'మీడియమ్ ఎర్రర్' అని నిలిచెను. ఆ తప్పు డిస్కుది. వ్రాతకు ముందే 'పవర్ కాలిబ్రేషన్' తప్పు వచ్చినచో, ఆ డిస్కునకు తగిన లేజరు బలమును డ్రైవు నిర్ణయింపలేకపోయినదని అర్థము. అప్పుడు వేరొక తయారీ సీడీతో చూడవలెను. రెండు మూడు రకములతోను అదే తప్పు వచ్చినచో అప్పుడు డ్రైవును అనుమానింపవచ్చును. యూఎస్‌బీ డ్రైవైనచో తీగను, విద్యుత్తు చాలుచున్నదో లేదో అను విషయమును ముందు చూడవలెను. 'డీమెసేజ్' అను ఆజ్ఞ కెర్నెల్ వ్రాసికొన్న సమాచారమును చూపును. తీగ ఊడినను అందులో తెలియును.

కాలపరిమితి గూడ గమనింపదగినది. సామాన్యమైన సీడీలో 80 నిమిషముల సంగీతము పట్టును. ఆ కాసెట్టు 90 నిమిషములది. కావున ఒక్కొక్క వైపు 45 నిమిషముల చొప్పున రెండు సీడీలుగ వ్రాయవలసివచ్చెను. తొలుత 'డమ్మీ' యను ఎంపికతో లేజరు వెలిగింపకయే పని నంతయు నడిపి చూచిన, కొన్ని తప్పులు ముందే బయటపడును. సీడీ వృథా కాదు.

తోబుట్టువులకు కావలసిన సీడీలన్నియు ఆ వారమే తయారైనవి. వ్రాసిన ప్రతి సీడీని తుదివరకు వినిన పిమ్మటనే పంపుమని చెప్పితిమి. కంప్యూటరులోని మూలప్రతిని చెరపవద్దనియు, వేరొక హార్డ్ డిస్కులో మరియొక ప్రతి ఉంచుమనియు చెప్పితిమి. సీడీ మీది రంగుపూతయు కాలక్రమమున చెడునదే. ఆ కాసెట్టు ఇప్పటికిని బీరువాలో నున్నది. దానిని మరల త్రిప్పవలసిన పని లేదు.