దెబ్బ చేతిలో లేదు... తుంటిలో ఉంది!

సాయంత్రం బడి వదిలాక హైస్కూలు మైదానంలో బక్కపలచని పిల్ల ఒకతె బ్యాటు పట్టుకుని నిలబడుతుంది. బంతి వస్తుంది. "గట్టిగా కొట్టమ్మా!" అని పక్కనుంచి పదిమంది అరుస్తారు. ఆ పిల్ల పళ్లు బిగించి, భుజాలు బిగించి, ఉన్న సత్తువంతా చేతుల్లోకి తెచ్చుకుని విసురుతుంది. బంతి తగలదు. తగిలినా నాలుగు బారలు దొర్లి ఆగుతుంది. "ఈ పిల్లకు బలం చాలదు, సంగటి సరిగ్గా తినదు" అని చూసేవాళ్లు తేల్చేస్తారు. నాలుగు రోజులు అదే మాట వింటే ఏ పిల్లయినా ఆట మానుకుంటుంది.

సాఫ్ట్‌బాల్ నేర్చుకునే పల్లె పిల్లల్లో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. లోపం తిండిలో లేదు, ఒంట్లోనూ లేదు. ఉన్న బలాన్ని బ్యాటుదాకా నడిపించే దారి ఆ పిల్లకు ఎవరూ చూపించలేదు.

ఈ ఆట 1887లో అమెరికాలోని షికాగో నగరంలో పుట్టింది. బాక్సింగు తొడుగును తాడుతో చుట్టి బంతి చేసి, చీపురుకర్రతో కొట్టి నాలుగు గోడల మధ్య సరదాగా మొదలుపెట్టారు. బేస్‌బాల్‌కు చెల్లెలు వంటి ఆట ఇది. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ నెలకొల్పిన క్రీడాగ్రామంలో పల్లె పిల్లలకు నేర్పిన ఆటల్లో ఇదీ ఒకటి. పాఠశాలల జాతీయ క్రీడల్లో దీనికి చోటుంది. 1996 నుంచి 2008 వరకు ఒలింపిక్స్‌లో మహిళల సాఫ్ట్‌బాల్ ఉంది. తరువాత తీసేశారు. 2021లో టోక్యోలో మళ్లీ ఆడించారు.

పేరులో 'సాఫ్ట్' అని ఉన్నా బంతి మెత్తగా ఉండదు. చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు దాదాపు 180 నుంచి 200 గ్రాములు. ఆడపిల్లల పోటీల్లో బంతి విసిరే పిచ్చరు 43 అడుగుల దూరంలో ఉంటుంది. గంటకు 95 కిలోమీటర్ల వేగంతో వేస్తే బంతి అర సెకనులోపే మీదికొస్తుంది. బిళ్లంగోడులో బిళ్లను లేపి మణికట్టుతో కొట్టినట్టు దీన్ని కొడతామంటే కుదరదు. బిళ్ల తేలిక, పైగా అది మన చేతిదెబ్బకే లేచింది. ఇక్కడ బంతి బరువు, ఎదురుగా వచ్చేది కూడా వేగంగా.

మరి బలం ఎక్కడినుంచి రావాలి? పల్లెల్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, పేరే పెట్టుకోలేదు. పూర్వం గూడ వేసి పొలానికి నీళ్లు పెట్టే ఇద్దరు మనుషులు ఒట్టి చేతులతో తోడి ఉంటే పది గూడలకే రెట్టలు పడిపోయేవి. కాళ్లు తన్నిపెట్టి, ఒళ్లంతా ఊపి వేసేవారు గనుకనే పొద్దెక్కేదాకా వేయగలిగారు. వేరుశనగ బస్తాను లారీకెత్తే హమాలీని చూడండి. ముందు మోకాళ్లు వంచుతాడు, తరువాత తుంటి తిప్పుతాడు, చేతులు బస్తాను పట్టుకుని ఉంటాయంతే.

చర్నాకోల సంగతీ ఇంతే. చేతిలోని పిడి కదిలి ఆగుతుంది, ఆ ఊపు తాడు వెంట పాకి కొసకు చేరేసరికి ఛెళ్లుమంటుంది. బ్యాటు తిప్పేటప్పుడు నేలను తన్నే పాదం ఆ పిడి, బ్యాటు కొస ఆ తాడు కొస. మధ్యలో ఉన్నవి తుంటి, పొట్ట, వీపు, భుజాలు. ఇవన్నీ ఒకదాని వెనుక ఒకటి తిరగాలి. అన్నీ ఒక్కసారే తిరిగితే కర్రను తిప్పినట్టే ఉంటుంది, చర్నాకోల దెబ్బ రాదు.

ఈ వరుసను కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో వృత్తి బేస్‌బాల్ ఆటగాళ్లను పరిశీలించి 1995లో ప్రచురించిన ఒక వ్యాసం ప్రకారం తుంటి తిరిగే గరిష్ఠ వేగం సెకనుకు 714 డిగ్రీలు, దాని తరువాత అందుకునే భుజాలది 937 డిగ్రీలు. చివరకు బ్యాటు సెకనుకు 31 మీటర్ల వేగం అందుకుంది. అంటే గంటకు 110 కిలోమీటర్ల పైమాటే. వేగం మెట్టుమెట్టుకూ పెరుగుతూ పోయిందన్నమాట. ఈ కొలతలు రాకముందే టెడ్ విలియమ్స్ అనే ఆటగాడు, 1941లో వంద ప్రయత్నాలకు 40కి మించిన హిట్ల సగటు సాధించినవాడు, తుంటి ముందు, చేతులు వెనుక అని తన పుస్తకంలో వాదించాడు.

'నడుము తిప్పు' అంటే చిక్కు

ఇక్కడ మన భాషే ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. "నడుము తిప్పు, నడుము తిప్పు" అని డ్రిల్లు సార్లు అరుస్తుంటారు. పిల్లలు నిజంగానే నడుము మెలితిప్పుతారు. కానీ వెన్నెముకలో నడుము దగ్గరి ఎముకలు పక్కకు తిరిగేది బహు కొద్ది. తిరగడానికి అమర్చినవి తుంటి కీళ్లు, వీపు పైభాగం. మధ్యలో ఉన్న నడుము, పొట్ట, పక్కల కండరాలు బిగువుగా నిలబడి కింది బలాన్ని పైకి అందించాలి. బండికి ఇరుసు ఎలాగో ఒంటికి అవి అలాగ. ఇరుసు వదులైతే ఎద్దులు ఎంత లాగినా బండి ఊగులాడుతుంది. కనుక "తుంటి తిప్పు, పొట్ట బిగించు" అంటేనే సరైన మాట.

నేర్పడానికి మొదటి కొద్దిరోజులు బ్యాటే అక్కరలేదు. పాదాలు భుజాలకన్నా కాస్త వెడల్పుగా పెట్టి, కుర్చీలో కూర్చోబోయి ఆగినట్టు మోకాళ్లు వంచి నిలబడాలి. ఒక కర్రను భుజాలమీద అడ్డంగా పెట్టుకుని బరువును వెనుక కాలిమీదికి తేవాలి. ముందుకాలు జానెడు ముందుకు వేయాలి. పాదం కింద కోడిగుడ్డు ఉందనుకుని మెత్తగా మోపాలి. అసలు కిటుకు ఈ క్షణంలోనే ఉంది. కాలు మోపినప్పుడు బొడ్డు పిచ్చరు వైపు తిరగడం మొదలవుతుంది, భుజాలు మాత్రం ఇంకా వెనుకనే ఉండాలి. తడిబట్టను పిండేటప్పుడు ఒక కొసను పట్టి రెండోది తిప్పినట్టు పొట్టమీద బిగువు తెలియాలి. ఆ బిగువు విడిపోతూ భుజాలను లాగుతుంది, భుజాలు చేతులను లాగుతాయి. కాలు, భుజాలు ఒకేసారి తిరిగితే ఆ పిండటం జరగలేదని అర్థం. అక్కడే ఆపించి మళ్లీ చేయించాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఇందులో తొందరపడితే తరువాత చేసే సాధనంతా తప్పును గట్టిపరచడమే అవుతుంది.

ముందుకాలిది మరో పని. మోపిన తరువాత అది గట్టిగా నిలబడాలి. తలుపుకు మడతబందు ఎలాగో తుంటికి ఆ కాలు అలాగ. మోకాలు ముందుకు జారిపోతే ఒళ్లంతా బంతిమీదికి పడిపోతుంది, తిరుగుడు ఉండదు. క్రికెట్ అలవాటున్న మగపిల్లల్లో ఈ తప్పు ఎక్కువ. నేలబారు బంతిని ముందుకు వంగి ఆడటం వాళ్లకు అలవాటు మరి.

వెనుకపాదం విషయంలో శిక్షకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. చుట్ట పీకను నలిపినట్టు మునివేళ్లమీద తిప్పాలని పాతవాళ్లు చెబుతారు. అలా పనిగట్టుకుని నలిపితే బరువు వెనుకనే ఉండిపోతుందనీ, తుంటి సరిగ్గా తిరిగితే పాదం దానంతటదే తిరుగుతుందనీ ఈకాలపు వారు అంటారు. రెండోదే సబబుగా కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన పిల్లకు మాత్రం మొదట్లో చుట్ట పీక మాటే త్వరగా అర్థమవుతుంది.

సరంజామాకు డబ్బు లేదని ఆగనక్కరలేదు. నిలువుగా పాతిన గుంజకు రబ్బరు గొట్టం తొడిగి పైన బంతి పెడితే ఆగివున్న బంతిని కొట్టే సాధన అవుతుంది. వేపకొమ్మకు పాత సైకిల్ టైరు వేలాడదీసి కొట్టవచ్చు. రెండు కిలోల ఇసుక మూటను రెండు చేతులతో పట్టి, పక్కకు నిలబడి, తుంటి ఊపుతో గోడవైపు విసిరితే చేతులకు పని తగ్గి ఒంటికి పని పెరుగుతుంది. ఆడపిల్లలకు నేర్పేటప్పుడు సారు చెయ్యివేసి తిప్పకుండా, నేర్చిన పెద్దపిల్ల చేత చేసి చూపించడం మేలు. పల్లెల్లో తల్లిదండ్రుల నమ్మకం పోతే పిల్ల మైదానానికి రావడమే ఆగిపోతుంది.

నొప్పి విషయం తేలికగా తీసుకోకూడదు. ఎదిగే వయసులో వీపు వెనక్కి వంచి, మెలితిప్పి పదేపదే కొడితే నడుము ఎముకలో సన్నని పగులు వచ్చే ప్రమాదం ఉంది. నడుము కింద ఒకవైపే నొప్పి, వెనక్కి వంగితే ఎక్కువ కావడం దాని గుర్తులు. అటువంటప్పుడు తైలం రాసి మళ్లీ ఆడించడం పొరపాటు. ఆట ఆపి డాక్టరుకు చూపించాలి. అలసిపోయిన పిల్ల చేత కొట్టించినా తుంటి మొరాయించి పని మళ్లీ చేతుల మీద, నడుము మీద పడుతుంది.

దారి కుదిరిందో లేదో చెప్పడానికి బంతి ఎంత దూరం పోయిందో చూడనక్కరలేదు. బంతి లేకుండా బ్యాటు తిప్పించి వినాలి. రివ్వుమనే చప్పుడు బంతి తగలాల్సిన చోట వస్తే తుంటి ముందు కదిలింది. ఆ చప్పుడు భుజం పక్కనే వచ్చిపోతే చేతులు తొందరపడ్డాయి. రేపు ఆ పిల్లకు మళ్లీ భుజాలమీద కర్రే ఇవ్వాలి.