డౌటు తెలుగులో వచ్చినా.. ప్రోగ్రాం నడుస్తుంది!

బళ్లారిలో కన్నడం, హోసూరులో తమిళం, బరంపురంలో ఒడియా, సిరోంచలో మరాఠీ.. వీధిలో భాష ఏదైనా మన ఇళ్లలో తెలుగే. కళాశాలలో కంప్యూటర్‌ సైన్సులో చేరగానే ఇంగ్లిషు ఎదురవుతుంది. ల్యాబులో డౌటు వచ్చినా ఇంగ్లిషులో అడగలేక మింగేసే పిల్లలు ఎందరో. 'ఇంగ్లిషు రాకుంటే ప్రోగ్రామింగ్‌ రాదు' అన్న భయంతో చదువే మానుకోవాలనుకునే వారూ ఉంటారు. ఆ భయంలో నిజం కొంతే.

నేర్వాల్సినవి కొన్ని మాటలే

1989 నాటి ప్రమాణం ప్రకారం 'సి' భాషలో కీవర్డులు 32 మాత్రమే. పైథాన్‌లో 35. ఇఫ్‌, ఎల్స్‌, వైల్‌, రిటర్న్‌.. ఇలా చాలావరకు చిన్న మాటలే. 2008లో వచ్చిన పైథాన్‌ 3లోనైతే 'ధర', 'మొత్తం' అని వేరియబుల్‌ పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. నలుగురితో కలిసి పనిచేసే చోట ఇంగ్లిషు పేర్లే వాడతారు. నేర్చుకునే దశలో మాత్రం ఇది ధైర్యాన్నిస్తుంది.

ముందు అమ్మమ్మకు చెప్పండి

ఆండ్రూ హంట్‌, డేవిడ్‌ థామస్‌ 1999లో రాసిన 'ది ప్రాగ్మాటిక్‌ ప్రోగ్రామర్‌' పుస్తకంలో ఓ చిట్కా ఉంది. రాసిన ప్రోగ్రాంను వరుస వెంట వరుసగా రబ్బరు బాతు బొమ్మకు వివరించాలి. చెబుతుండగానే తప్పెక్కడుందో మనకే తడుతుంది. బాతే కావాలని లేదు. పక్కనున్న అమ్మమ్మకు తెలుగులో చెప్పినా సరే!

అడిగేటప్పుడు ఇవి మరవొద్దు

'నా ప్రోగ్రాం నడవడం లేదు సార్‌' అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు.

* ఏం చేయాలనుకున్నారు?
* ఏం రాశారు? మొత్తం కాకుండా, తప్పు కనిపించే చిన్న ముక్క చాలు.
* ఏ విలువలు ఇచ్చారు? ఏం రావాలి, ఏం వచ్చింది?
* ఎర్రర్‌ సందేశం ఏమిటి? ఉన్నదున్నట్టు చూపండి.

పైథాన్‌లో ఆ సందేశపు చివరి వరుస తప్పేమిటో చెబుతుంది. దాని పైవరుసలు అది ఎక్కడుందో చూపుతాయి. 'నేమ్‌ఎర్రర్‌' వస్తే ఆ పేరు కంప్యూటర్‌కు తెలియదని అర్థం. చాలాసార్లు అది స్పెల్లింగు పొరపాటే.

పాఠాలూ మన భాషలో..

ఐఐటీ బొంబాయి రూపొందించిన 'స్పోకెన్‌ ట్యుటోరియల్‌' వీడియో పాఠాలు ఉచితం. తెర మీద ఇంగ్లిషు ఉన్నా, వివరణ తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీల్లోనూ వినొచ్చు. వింటూ, ఆపుతూ, పక్కనే చేసి చూస్తూ నేర్చుకోవచ్చు.

ఇంగ్లిషు అక్కర్లేదని కాదు. ఉద్యోగానికి, పుస్తకాలకు అది కావాలి. అయితే అది వచ్చేదాకా డౌటును దాచుకోవాల్సిన పనిలేదు. తెలుగులోనైనా అడిగేయండి.